నిలిచియున్న బండి వణకుట: కారణములు, పరీక్షలు, చికిత్స

పశువునకు జబ్బు చేసినప్పుడు మనము మొదట దాని మేతను, నీటిని, పేడను చూచి, పిమ్మట మందు మాట తలపెట్టుదుము. పేడ చూడకయే మందు పోయు వైద్యుని ఎవరును నమ్మరు. కాని ఇంటిముందున్న పెట్రోలు బండికి జబ్బు చేసినప్పుడు మాత్రము మనలో పెక్కుమంది లక్షణములు చూడక, ఎవరో ఒకరు చెప్పిన మాట విని, ఇంజను విప్పించుటకు సిద్ధపడుదురు. నేడు కూరగాయలు రైతుబజారునకు చేర్చుటకును, పాలు కేంద్రమునకు తోలుటకును చిన్న బండ్లు ఉంచుకొన్న సభ్యులు మన సంఘమున అనేకులు కలరు. వారు మమ్ము తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు: "బండి పరుగులో బాగుగనే యున్నది, నిలిపి యుంచినప్పుడు మాత్రము వణకుచున్నది, ఏమి చేయవలెను?" ఈ నెల ఆ విషయమును గూర్చి వ్రాయుచున్నాము.

2009 వ సంవత్సరమున జరిగిన యొక సంగతితో ప్రారంభింతుము. వంకాయ, బెండ పండించు ఒక సభ్యుడు సంఘ కార్యాలయమునకు అప్పు దరఖాస్తుతో వచ్చెను. అతని దగ్గర నాలుగు సిలిండర్ల పాత పెట్రోలు వ్యాను, కార్బురేటరుది, ఒకటి యుండెను. అది నిలిచినచోట మలేరియా రోగివలె వణకుచుండెను. పట్టణములోని మేస్త్రీ చూచి, "ఇంజను అరిగిపోయినది, బోరు పని చేయవలెను, ఇరువదిరెండు వేలగును" అని చెప్పెనట. ఆ సొమ్మునకే దరఖాస్తు. "అప్పు సంగతి తరువాత చూతము, అన్నా, ముందు బండిని చూపుము" అంటిమి. ఆ బండి కథ యేమైనదో తగినచోట చెప్పెదము.

వణకు ఎందుకు కలుగును?

పెట్రోలు ఇంజనులో ప్రతి సిలిండరును రెండు చుట్లకు ఒకసారి మండును. నిలుకడ వేగమును మన మేస్త్రీలు "స్లో" అందురు. అది సాధారణముగా నిమిషమునకు 700 మొదలు 1000 చుట్ల వరకు ఉండును. 800 చుట్లనుకొన్నచో, ఒక్కొక్క సిలిండరు నిమిషమునకు 400 సార్లు మండును. నాలుగు సిలిండర్లున్న ఇంజనులో మొత్తము 1600 తోపులు, అనగా ప్రతి అరచుట్టుకు ఒక తోపు, సమానమైన ఎడముతో వచ్చుచుండును. నలుగురు మనుష్యులు వంతులవారీగా రోకటి పోటు వేయుచున్నట్లు దీనిని ఊహింపుడు. వారిలో ఒకడు పోటు మానినయెడల లయ చెడును. అట్లే ఒక సిలిండరు మండనిచో క్షణమునకు ఆరేడుసార్లు వెలితి ఏర్పడి, ఆ కుదుపు బండి యొడలెల్ల ప్రాకును. దీనినే "మిస్సింగు" అందురు.

బండి పరుగెత్తునప్పుడు ఈ లోపము తగ్గినట్లు తోచుటకు కారణము కలదు. ఇంజను వెనుకనున్న ఫ్లైవీలు అను బరువైన చక్రము వెలితిని పూడ్చును. దాని యందలి శక్తి వేగము యొక్క వర్గమును బట్టి పెరుగును. 800 చుట్ల నుండి 2400 చుట్లకు పోయినచో వేగము మూడింతలు, శక్తి తొమ్మిదింతలు. కావున నెమ్మదిగా తిరుగునప్పుడు దాగని లోపము వేగముగా తిరుగునప్పుడు దాగిపోవును. పరుగులో బాగున్నదని చెప్పి ఉపేక్షింపరాదు.

ఇక్కడ ఒక మినహాయింపు చెప్పవలెను. మూడు సిలిండర్ల ఇంజను గల చిన్న కార్లు మన దేశమున 1983 లో మారుతి 800 వచ్చిన నాటినుండి విస్తారముగా వ్యాపించినవి. అట్టి ఇంజనులో తోపు చుట్టునకు మూడింట రెండు వంతులకు ఒకటి చొప్పున వచ్చును. అంతేగాక, రెండు చివరలనున్న పిస్టనులు ఒకటి పైకి, ఒకటి క్రిందికి పోవుచు ఇంజనును త్రాసుకోలవలె ఊపును. కావున వాటియందు కొంత వణకు పుట్టుకతోనే యుండును. అది కొన్ననాటినుండి ఒకే తీరున ఉన్నయెడల జబ్బు కాదు. దానికై ఒక పైసయైనను వ్యయింపవలదు. నిన్న లేనిది నేడు వచ్చినయెడలనే విచారింపవలెను.

పరీక్షకు ముందు జాగ్రత్తలు

బండిని చదునైన నేలమీద, ఆరుబయట నిలుపుడు. మూసిన కొట్టములో ఇంజను నడపరాదు. పొగగొట్టమునుండి వచ్చు కార్బన్ మోనాక్సైడు అను వాయువునకు రంగు లేదు, వాసన లేదు. అది మనుష్యుని నిద్రపుచ్చినట్లే చంపును. చేతిబ్రేకు లాగి, గేరు తీసి, చక్రములకు రాళ్లు పెట్టుడు. కండువా తీసి అవతల పెట్టుడు, పంచె యంచు దోపుకొనుడు. బెల్టునకు చిక్కిన బట్ట మనిషిని కూడ లాగును. ఇంజను ఆపిన తరువాత కూడ కరెంటు ఫ్యాను తనంతట తాను తిరుగవచ్చును కనుక దానిలో చేయి పెట్టరాదు. వేడిగానున్న రేడియేటరు మూత విప్పరాదు.

మొదట తెలిసికొనవలసిన భేదము

వణకు రెండు విధములు. ఇంజనే సరిగా మండక కుదుపుట ఒకటి. ఇంజను సరిగా తిరుగుచున్నను దానిని మోయు రబ్బరు దిమ్మలు చెడి, సహజమైన కదలిక బండి యొడలికి తగులుట రెండవది. ఈ రెంటికి చికిత్స వేరు, ఖర్చు వేరు. వీటిని వేరుచేయుటకు చవక యంత్రము మన చెవియే. సైలెన్సరు చివరకు ఒక జానెడు దూరమున కాగితపు ముక్క పట్టి, శబ్దము వినుడు. కాగితము ఒకే లయతో ఆడినయెడల మంట సరిగా నున్నదని అనుకొనవచ్చును. ఆగి ఆగి ఆడినను, నడుమ నడుమ వెనుకకు పీల్చబడినట్లు పోయినను, మిస్సింగు గాని వాల్వు కాలుట గాని శంకింపవలెను.

రబ్బరు దిమ్మలు

మేస్త్రీలు వీనిని "మౌంటింగులు" అందురు. సాధారణముగా మూడు గాని నాలుగు గాని యుండును. ఇనుప పలకల నడుమ అతికిన రబ్బరు ఎండకును వేడిమికిని పగులును. ఇంజను నూనె కారి దానిపై పడినయెడల ఉబ్బి మెత్తబడి జారును. ఇంజను ఆపి, నూనెతొట్టి క్రింద కొయ్యదిమ్మ పెట్టి, జాకీతో కొద్దిగా, అంగుళములో సగమునకు మించకుండ ఎత్తి చూడుడు. రబ్బరు ఇనుమునుండి ఊడినచో పగులు నోరు తెరచుకొని కనబడును. బండి క్రింద ఎవరును దూరరాదు. ప్రక్కనుండి దీపముతో చూచిన చాలును. ఊడిన దిమ్మను మార్చుడు. కాని నూనె కారుట వలన చెడినయెడల ముందు ఆ కారుటను మాన్పవలెను. లేనిచో కొత్త దిమ్మ కూడ అదే దారి పట్టును.

ప్లగ్గులు చెప్పు సాక్ష్యము

మంట సరిగా లేదని తోచినయెడల ఇంజను చల్లారిన తరువాత ప్లగ్గులను ఒక్కొక్కటిగా తీసి, ఏది ఏ సిలిండరుదో గుర్తు తప్పకుండ వరుసగా ఒక పలకపై పెట్టుడు. వాని మొనలు లోపలి సంగతిని చెప్పును.

లేత గోధుమ రంగు: ఆరోగ్యము.

పొడి నల్లమసి: పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ, లేదా నిప్పురవ్వ బలహీనము. గాలి ఫిల్టరును కూడ చూడుడు.

నూనెతో తడిసిన నలుపు: రింగుల దారినో వాల్వుల దారినో నూనె లోపలికి దిగుచున్నది.

పెట్రోలుతో తడి: ఆ సిలిండరులో రవ్వ పుట్టుట లేదు.

తెల్లగా మాడినట్లుండుట: గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ, లేదా మిక్కిలి వేడిమి.

మొనల ఎడము సాధారణముగా 0.7 మొదలు 1.1 మిల్లీమీటరు వరకు ఉండును. మీ బండి పుస్తకములో వ్రాసిన కొలతనే పాటింపుడు. పింగాణి పగిలిన ప్లగ్గును తుడిచి మరల పెట్టుట దండుగ.

మేము పైన చెప్పిన వ్యానునకు ఈ పరీక్షయే మొదట చేసితిమి. నాలుగు ప్లగ్గులును తెల్లగా నుండెను. అవి తెల్లగా నున్నవేమని అడుగుటకు మారుగా, వాటిని గీకి, ఎడము సరిచేసి, బిగించి, ఒక గంటకాలము వ్యర్థము చేసితిమి. వణకు రవ్వంతయు తగ్గలేదు. సాక్షి నిజమే చెప్పెను, వినకపోయినది మేము. ఒక్క ప్లగ్గు మాత్రమే చెడిన రంగులో నున్నచో ఆ సిలిండరులో లోపము. అన్నియు ఒకే విధముగా నున్నచో అన్నిటికి ఉమ్మడియైన గాలిలోనో పెట్రోలులోనో లోపము. ఈ సూత్రమును మాకు ఆ గంట నేర్పినది.

గాలి దొంగదారులు

ఇంజను నిలుకడగా తిరుగునప్పుడు థ్రాటిల్ రేకు దాదాపు మూసియుండును. సిలిండర్లు గాలిని లాగుచుండుటచే ఆ రేకునకును ఇంజనునకును నడుమ గట్టి పీల్పు ఏర్పడును. ఆ భాగమునకు అతికిన రబ్బరు గొట్టములలో ఎక్కడ చీలిక యున్నను, లెక్కలో లేని గాలి లోపలికి దూరును. నిలుకడలో ఇంజను త్రాగు గాలి చాల కొంచెము గనుక, ఆ దొంగగాలి పాలు పెద్దదై మిశ్రమము పలచబడును. వేగము పెంచినప్పుడు రేకు తెరచుకొని, మంచి గాలి విస్తారముగా వచ్చును, పీల్పు తగ్గును, దొంగగాలి లెక్కకు రాదు. పెద్ద కాలువకు చిన్న గండి పడినను పారుదల సాగును. పిల్లకాలువకు అదే గండి పడిన మడి ఎండును. కాబట్టి నిలిచియున్నప్పుడు వణకి, వేగము పెంచగానే మాను బండికి మొదట ఈ గొట్టములనే చూడవలెను.

ఇంజను తిరుగుచుండగా బుస శబ్దము వినబడునేమో చెవియొగ్గుడు. పిమ్మట అనుమానమున్న గొట్టముపై సబ్బునీరు కొద్దిగా చల్లుడు. చీలికలోనికి నీరు పీల్చబడిన క్షణమున ఇంజను స్వరము మారును. విద్యుత్తు తీగలపై, కాయిళ్లపై నీరు పడనీయరాదు. కొందరు మేస్త్రీలు నీటికి మారుగా పెట్రోలు చల్లుదురు. వేడి ఇంజనుపై అది నిప్పుతో చెలగాటము, మీరు ఒప్పుకొనవలదు.

ఇక వ్యాను కథ. విసిగి కూర్చున్న సభ్యునితో మాట్లాడుచు, "బండిలో మరియేదైన తేడా యున్నదా?" అని అడిగితిమి. "ఏమున్నదయ్యా, బ్రేకు కొంచెము బిగిసినది. బరువున్నప్పుడు గట్టిగా తొక్కవలసి వచ్చుచున్నది. పాతబడినది గదా" అనెను. మాకు అప్పుడు గాని కన్ను తెరవలేదు. పెట్రోలు బండ్లలో బ్రేకునకు బలమిచ్చు బూస్టరు అను గుండ్రని డబ్బా ఇంజను పీల్పుతోనే పనిచేయును. రెంటినడుమ ఒక లావైన రబ్బరు గొట్టము కలదు. ఆ గొట్టమును శ్రావణముతో నొక్కి పట్టగానే వణకు ఆగిపోయెను. తీసి చూడగా, పట్టీ క్రింద, పైకి కనబడని చోట, బొటనవ్రేలి గోరంత పొడవున చీలిక యున్నది. వాక్యూముకై చేసిన కొత్త గొట్టము నూరు రూపాయలలోపున వచ్చెను. దరఖాస్తు చించివేసితిమి.

సొమ్ము మిగిలెనని అతడు సంతసించెను. మాకు మాత్రము వేరొక తలపు కలిగెను. అతడు దినమును తెల్లవారుజామున మూటల బరువుతో కాలువగట్టు మీదుగా పోవువాడు. ప్రక్కన భార్య, వెనుక మూటలపై ఇద్దరు కూలివాండ్రు. గట్టుపై మలుపులో ఆ గొట్టము పూర్తిగా ఊడియుండినచో బ్రేకు బలము పోయి, ఏమి జరిగియుండునో చెప్పనక్కరలేదు. బోరు పని చేయించియుండినను ఆ చీలిక అట్లే యుండెడిది. వణకు అతనిని హెచ్చరించుచుండెను. అతడు దానిని ఖర్చుగా మాత్రమే చూచెను.

కావున ప్రతి సభ్యుడును ఈ పరీక్షను నేడే చేయవలెనని కోరుచున్నాము. ఇంజను ఆపి, బ్రేకు పెడలును నాలుగైదుసార్లు తొక్కి గట్టిపడనిండు. గట్టిగా తొక్కి పట్టియే ఇంజను నడపుడు. పెడలు కాలిక్రింద కొద్దిగా దిగవలెను. దిగనిచో బూస్టరులోనో, గొట్టములోనో, దాని వాల్వులోనో లోపమున్నది. అట్టి బండిని బరువుతో రోడ్డెక్కింపవలదు.

థ్రాటిల్, ఫిల్టరు, పెట్రోలు

దొంగగాలి లేనిచో థ్రాటిల్ రేకు అంచులను చూడుడు. అక్కడ పేరుకొన్న జిగురు మసి నిలుకడకు కావలసిన సన్నని గాలిదారిని మూసివేయును. ఏ.సి. గాని హెడ్డులైట్లు గాని వేయగానే ఇంజను కుంగి వణకినయెడల ఇదియో, నిలుకడగాలి వాల్వో కారణము కావచ్చును. అందుకై అమ్ము ద్రవమును గుడ్డపై పోసి మెల్లగా తుడువవలెను, చాకుతో గీకరాదు. కొన్ని కొత్త బండ్లలో తుడిచిన పిమ్మట నిలుకడ వేగమును యంత్రముతో మరల నేర్పవలసి యుండును.

నూర్పుల కాలమున కళ్లము దగ్గర తిరిగిన బండి ఫిల్టరు ఊకదుమ్ముతో నిండును. కార్బురేటరు బండ్లకు దీనివలన పెట్రోలు పాలెక్కువై నల్లపొగయు వణకును వచ్చును.

పెట్రోలు సంగతి రైతులమైన మనకు దగ్గరిది. మన దేశమున 20 శాతము ఇథనాలు కలిపిన పెట్రోలు అమ్మకము 2023 ఫిబ్రవరిలో మొదలైనది. ఆ ఇథనాలు చెరకునుండి, మొక్కజొన్ననుండి, నూకలనుండి తయారగును. మన పంటయే మన టాంకులోనికి తిరిగివచ్చుచున్నది. ఇథనాలునకు నీటిని పీల్చు గుణమున్నది. నీరు హద్దు మీరినయెడల నీరును సారాయియు పెట్రోలునుండి విడివడి అడుగునకు దిగును. పంపు లాగునది అడుగునుండియే. కాబట్టి వానకాలమున నెలల తరబడి కదలక నిలిచిన బండి వణకినయెడల టాంకును అనుమానింపుడు. అట్టి మిశ్రమమునకై తయారుకాని పాత బండ్లలో రబ్బరు గొట్టములు ఉబ్బుటయో బిరుసెక్కుటయో కలుగవచ్చును. ఏటేట వానిని వంచి చూడుడు. చిన్న పగుళ్లు కనబడినచో మార్చుడు.

కంప్యూటరు గల బండ్లు

నేటి బండ్లలో మిస్సింగు వచ్చినయెడల ఎదుటి పలకపై ఇంజను బొమ్మ వెలుగును. చిన్న పరికరముతో చదివించినచో పి 0301 అని వచ్చిన మొదటి సిలిండరు, పి 0302 అన్న రెండవది, ఈ వరుసను తెలియవలెను. పి 0300 అన్న ఒకే సిలిండరు కాక మారి మారి తప్పుచున్నదని యర్థము. రెండవ సిలిండరులో తప్పుచున్నచో, ఇంజను ఆపి దాని కాయిలును మొదటిదానితో మార్చి బిగింపుడు. తప్పు మొదటిదానికి మారినయెడల కాయిలే దోషి. మారనిచో ప్లగ్గును, పిమ్మట ఇంజెక్టరును అట్లే మార్చి చూడవలెను. కొనక ముందే దోషిని పట్టుటకు ఇంతకంటె చవక మార్గము లేదు.

పాతకాలపు మేస్త్రీలవలె నడచుచున్న ఇంజనునుండి ప్లగ్గు తీగలు లాగుట ఈ బండ్లలో కూడదు. అందు వేల వోల్టుల విద్యుత్తు కలదు. మండని పెట్రోలు పొగగొట్టములోని కెటలిటిక్ కన్వర్టరును చేరి అక్కడ మండి, దానిని కరగించును. ఇంజను బొమ్మ వెలిగి ఆరుచు మిణుకుమన్నచో బండిని తోలుట మానుడు. కాయిలుపై చూపిన పిసినారితనము వేల రూపాయల కన్వర్టరును తినివేయును.

ఇంజను విప్పుటకు ముందు

పైవన్నియు సరిగా నున్నను వణకు మానకున్నచో అప్పుడు కంప్రెషను కొలిపింపుడు. సిలిండర్ల అంకెలు ఒకదానికొకటి దగ్గరగా నుండవలెను. ఒకటి తక్కిన వానికంటె 15 శాతమునకు మించి తగ్గినయెడల అందు లోపమున్నది. ఆ సిలిండరులో చెంచాడు ఇంజను నూనె పోసి మరల కొలిపింపుడు. అంకె పెరిగిన రింగులు అరిగినవని, పెరగనిచో వాల్వులో హెడ్డు గాస్కెట్టో చెడినవని తెలియును. ఈ రెండు అంకెలను కాగితముపై వ్రాసి ఈయని మేస్త్రీకి ఇంజను విప్పు అనుమతి ఈయకుడు. వాల్వుల సందు కొలిచి సరిచేసిన మాత్రముననే కుదిరిన బండ్లును కలవు.

డీజిలు బండ్లకు ప్లగ్గు రవ్వ లేదు. వాటి వణకునకు ఇంజెక్టర్లు, గొట్టములలో చేరిన గాలి మొదలైనవి కారణములు. వానిని వేరుగా వ్రాసెదము.

జ్ఞాపకముంచుకొనవలసిన వరుస

1. ఈ వణకు కొత్తదా, పుట్టుకతోనిదా?
2. సైలెన్సరు లయ సరిగా నున్నదా? ఉన్నచో మౌంటింగులు.
3. లయ చెడినచో ప్లగ్గుల రంగు. ఒక్కటి చెడినదా, అన్నియు ఒకే రీతిగా నున్నవా?
4. వేగము పెంచిన వణకు మానుచున్నదా? మానినచో గొట్టములు, బ్రేకు పరీక్ష.
5. థ్రాటిల్, ఫిల్టరు, పెట్రోలు.
6. కంప్యూటరు బండికి కోడు చదివించుట, కాయిలు మార్చి చూచుట.
7. కంప్రెషను అంకెలు. ఇవి చేతికి వచ్చిన పిమ్మటనే బోరు మాట.

ఒకసారి ఒక్క భాగమునే మార్చుడు. మార్చిన పిమ్మట ఇంజను నడిపి చూడుడు. ఒకేసారి నాలుగు మార్చినచో వణకు మానవచ్చును గాని, దేనివలన మానెనో తెలియక, మరల వచ్చినప్పుడు నాలుగింటికిని సొమ్ము పోయవలసివచ్చును. మంచి మేస్త్రీ మీ ప్రశ్నలకు కోపగింపడు. లక్షణములు చెప్పగల రైతును చూచి సంతోషించును.

ఆ వ్యాను ఆ తరువాత ఆరు సంవత్సరములు రైతుబజారునకు తిరిగెను. ఆ సభ్యుడు అప్పునకై మరల వచ్చెను గాని, అది బిందుసేద్యపు గొట్టములకు. ఆ దరఖాస్తుపై మేమే మొదటి సిఫారసు వ్రాసితిమి.